తీసుకెళ్లేటప్పుడు ఒక మాట, తిరిగిచ్చేటప్పుడు ఒక మాట

పోయిన నెల ఈ శీర్షికలో మిమ్మల్ని ఒకటే అడిగాను. ఏదైనా ఒక నవల తెరవకముందు అందులో ఏముంటుందనుకున్నారు, చదివాక ఏం కనబడింది? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

కొత్త పాఠకుల కోసం నా సంగతి ఒక ముక్క. విజయనగరం జిల్లా శాఖా గ్రంథాలయాల్లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. లైబ్రరీ పుస్తకానికి అట్ట బొమ్మ ఎన్నాళ్లో నిలవదు. పది చేతులు మారేసరికి నలుగుతుంది, బైండింగుకు వెళ్తుంది, ముదురు రంగు కాలికో అట్టతో తిరిగొస్తుంది. వెన్ను మీద పేరు, నంబరు ఉంటాయి, అంతే. అందుకని మా దగ్గరికొచ్చేవాళ్లు పేరు చూసో, ఎవరో చెప్పిన మాట పట్టుకునో పుస్తకం తీసుకెళ్లేవారు. ఆ మాటేమిటో తెలుసుకోవాలని నాకు ఉండేది. ఇష్యూ రిజిస్టర్ పక్కన 200 పేజీల రూళ్ల నోట్‌బుక్ ఒకటి పెట్టి, పేజీ మధ్యన గీత గీసుకున్నాను. నవల తీసుకెళ్లేటప్పుడు "ఇందులో ఏముంటుందనుకుంటున్నారు?" అని అడిగి ఎడమ పక్క రాసేవాణ్ని. తిరిగిచ్చేటప్పుడు వాళ్లు చెప్పింది కుడి పక్క. అలా నాలుగు నోట్‌బుక్కులు నిండాయి. వాటిని ముందేసుకునే ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారు 'బారిస్టర్ పార్వతీశం' చదివి వినిపిస్తుంటే చిన్నప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. ఆ నమ్మకంతో మా అబ్బాయికి మూడు భాగాలూ ఉన్న పుస్తకం కొన్నాను. మొదటి భాగం అయ్యాక వాడు "అమ్మా, ఇక నవ్వు రావట్లేదేంటి?" అంటున్నాడు. నేనూ చదివి చూశాను. నాన్నగారు చదివింది ఈ పుస్తకమేనా అని అనుమానం వచ్చింది.
(ఒక ఉపాధ్యాయిని, గజపతినగరం)

జవాబు: పుస్తకం అదేనమ్మా. మీ నాన్నగారు చదివి వినిపించింది మొదటి భాగం అయ్యుంటుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ఆ మొదటి భాగం 1924 నాటిది. మిగతావి చాలా ఏళ్ల తర్వాత వచ్చాయి. మొదటి భాగంలో పార్వతీశం మొగల్తూరు నుంచి బయల్దేరిన కుర్రాడు. రైలు కొత్త, ఓడ కొత్త, ఆడవాళ్ల టోపీకీ మగవాళ్ల టోపీకీ తేడా తెలీదు. మన నవ్వంతా ఆ తెలియకపోవటం చుట్టూనే తిరుగుతుంది. బారిస్టరై తిరిగొచ్చిన మనిషి అలాగే ఉండడు కదా. చివరి భాగంలో అతనికి పెళ్లి, ప్రాక్టీసు, స్వాతంత్ర్య ఉద్యమం అన్నీ ఎదురొస్తాయి. మనల్ని నవ్వించటానికి రచయిత అతన్ని ఎప్పటికీ ఆ పాత అమాయకుడిలాగే ఉంచేసి ఉంటే, పార్వతీశానికి అన్యాయం చేసినట్టయ్యేదని నా అభిప్రాయం.

నా నోట్‌బుక్కుల్లో ఈ నవల పదకొండు చోట్ల ఉంది. ఎడమ పక్క పదకొండు చోట్లా "నవ్వు", "కామెడీ" అనే ఉంది. కుడి పక్క మాత్రం ఒక ఆర్టీసీ కండక్టర్ చెప్పిన మాట ఇలా రాసుకున్నాను: "మా తమ్ముడు గల్ఫ్ వెళ్లొచ్చినట్టుంది సార్. వాడు వెళ్లేటప్పుడు వాడి హడావుడి చూసి ఇంటిల్లిపాదీ నవ్వాం. వచ్చాక వాడు మాట్లాడటమే తగ్గించేశాడు." మూడు భాగాల గురించి ఇంత దగ్గరగా మాట్లాడినవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు. మీ అబ్బాయికి ఇప్పటికి మొదటి భాగం చాలు. మిగతావి వాడు ఊరొదిలి చదువుకెళ్లి, మొదటిసారి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఇవ్వండి.

ప్రశ్న: సార్, హారర్ అనుకుని 'డ్రాకులా' తెచ్చుకున్నాను. రాత్రి హాస్టల్‌లో లైట్లు ఆపేశాక ఫోన్ వెలుగులో మొదలుపెడితే మొదటి పేజీలో రైలు టైములు. తర్వాతంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు. డ్రాకులా సరిగ్గా కనబడనే కనబడడు. సినిమాలన్నీ మోసమా, పుస్తకం మోసమా?
(ఇంజనీరింగ్ విద్యార్థి, శ్రీకాకుళం)

జవాబు: రెండూ మోసం కాదు బాబూ. సినిమాలో డ్రాకులా మొహం చూపించక తప్పదు, టిక్కెట్టు కొన్నది దానికే. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన నవలలో అతన్ని మనం దగ్గర నుంచి చూసేది మొదటి నాలుగు అధ్యాయాల్లోనే, అతని కోటలో. ఆ తర్వాత అతను ఎక్కువగా ఇతరుల డైరీల్లో ఒక నీడలా, ఒక అనుమానంలా ఉంటాడు.

మీరు గబగబా దాటేసిన ఆ మొదటి పేజీ ఒక్కసారి మళ్లీ తియ్యండి. జోనథన్ హార్కర్ అనే కుర్ర లాయరు రైలు గంట ఆలస్యమైందని రాసుకుంటాడు. హోటల్లో ఎర్ర మిరపపొడి వేసి వండిన కోడికూర తింటాడు. బాగుంది గానీ దాహం వేసిందంటాడు. ఎలా వండారో మీనా కోసం అడిగి తెలుసుకోవాలని పక్కనే ఇంకో ముక్క రాసుకుంటాడు. మీనా అతను పెళ్లి చేసుకోబోయే అమ్మాయి. కొత్త ఊళ్లో కూర తిని, ఇది ఇంట్లో వండించుకోవాలి అనుకునే మనిషిని మనం ఎంత బాగా ఎరుగుదుం! వారం తిరక్కుండా అదే మనిషి కోటలో తలుపు తరవాత తలుపు లాగి చూస్తాడు, అన్నిటికీ తాళాలే. ఆ కూర సంగతి చదివినవాడికి ఈ తాళాల దగ్గర గుండె జారుతుంది. కూర సంగతి దాటేసినవాడికి అంత టెన్షన్ ఉండదు. పగటి వెలుగులో మళ్లీ మొదలుపెట్టండి, దయ్యం కోసం వెతక్కుండా హార్కర్ వెంట నడవండి.

ప్రశ్న: మా అప్పా (మా అక్క) నేనూ చిన్నప్పుడు వారపత్రికలో ఒక సీరియల్ కోసం కొట్టుకునేవాళ్లం. ఎవరు ముందు చదవాలని. నలభై ఏళ్ల తర్వాత అదే నవల పుస్తకంగా దొరికింది. ఎంత ఆశపడి తెరిచానో! సగానికే విసుగొచ్చింది. నేనే మారిపోయానా, నవల అప్పుడూ ఇంతేనా?
(ఒక గృహిణి, సాలూరు)

జవాబు: మీ ఉత్తరం చదివి లేచి వెళ్లి బీరువా తెరిచానమ్మా. అందులో మా అమ్మ కుట్టిన సీరియల్ ఒకటుంది. వారం వారం పేజీలు కత్తిరించి దాచి, అన్నీ అయ్యాక పాత కేలండర్ అట్ట వేసి సూదీ దారంతో కుట్టింది. పేజీ తిప్పితే వెనక పక్క సగం జోకు, సబ్బు ప్రకటన, ఒకచోట వంటల శీర్షికలో గుమ్మడికాయ దప్పళం చివరి మూడు లైన్లు. పధ్నాలుగో వారం లేదు. ఆ వారం పత్రిక ఎవరో తీసుకెళ్లి తిరిగివ్వలేదు. మా అమ్మ ఊరుకోలేదు. ఆ వారం చదివిన ఇద్దరు ముగ్గురిని అడిగి, తనకు తోచింది కలిపి, తెల్లకాగితం మీద పెన్సిల్‌తో ఆరు లైన్లు రాసి ఆ చోట కుట్టేసింది.

నేను ఉద్యోగంలో చేరాక ఆ నవల పుస్తకం మా లైబ్రరీకి వచ్చింది. ముందుగా ఆ పధ్నాలుగో వారం దగ్గరికే వెళ్లాను. పుస్తకంలో అత్తగారు పుట్టింటికి వెళ్తున్న కోడల్ని ఒక్క మంచిమాట అనకుండా పంపేస్తుంది. మా అమ్మ రాసిన ఆరు లైన్లలో అత్తగారు గుమ్మం దాకా వచ్చి "అన్నం తిని వెళ్లు" అంటుంది. ఆ మాట ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు. అమ్మ అలా అనుకుంది, అలా జరగాలనుకుంది, రాసేసింది. నేను ఇప్పటికి ఆ నవల రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ చోటికొచ్చేసరికి నాకు వినబడింది మా అమ్మ రాసిన మాటే.

మీకూ అదే జరిగింది. సీరియల్ రచయిత ప్రతి వారం చివర ఒక ముడి వేసి వదులుతాడు. ఆ ముడి విప్పటం వారం రోజులపాటు మీ ఇద్దరి పని. బావి దగ్గర, బడికెళ్లే దారిలో, రాత్రి పడుకున్నాక మీరిద్దరూ వేసుకున్న ఊహలు ఆ నవలలో సగం. పుస్తకంలో ఆ సగం అచ్చు కాలేదు. పైగా పోయిన వారం కథ గుర్తు చెయ్యటానికి రచయిత ప్రతి భాగం మొదట్లో వేసిన మాటలు ఇప్పుడు చెప్పిందే చెప్పినట్టు విసిగిస్తాయి. మీ అప్ప దగ్గర కూడా ఒక కాపీ ఉండేట్టు చూడండి. వారానికి ఒక్క భాగమే చదువుకుని, ఆదివారం ఫోన్ చేసుకోండి. ఎవరూ ముందుకెళ్లి చదవకూడదు. అప్పుడు ఎలా ఉందో నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: అనుకున్నదొకటి, అయినదొకటి. మీ నోట్‌బుక్కుల్లో మీకు బాగా గుర్తుండిపోయింది ఏది?
(ఒక పాఠకుడు, చీపురుపల్లి)

జవాబు: రెండో నోట్‌బుక్కులో ఒక పేజీ ఉంది. దాని కుడి పక్క రాత నాది కాదు.

ఆవిడ మార్కెట్లో కూరగాయలు అమ్మేది. యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఒకరోజు బేరం అయ్యాక ఖాళీ గంపతో లోపలికొచ్చి, బీరువాల ముందు నిలబడి వెన్నుల మీద పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుంటోంది. చివరికి ఒకటి లాగి తెచ్చింది. 'అమ్మ'. గోర్కీ నవల, క్రొవ్విడి లింగరాజు గారి అనువాదం. "ఇదే ఎందుకమ్మా?" అంటే "ఇది ఆగకుండా సదివీగలిగేను బాబూ" అంది. నిజమే, అ అంటే అమ్మ అని కదా ఎవరి చదువైనా మొదలవుతుంది. ఏముంటుందనుకుంటున్నావని అడిగితే "అమ్మ కతేగా" అంది. ఎడమ పక్క అదే రాశాను. నాకు మనసులో బెంగగానే ఉంది. లావు పుస్తకం, రష్యా పేర్లు, ఫ్యాక్టరీ కూలీల పోరాటం. వేరేది ఇద్దామా అనుకున్నాను. ఆవిడ అప్పటికే దాన్ని గంపలో పెట్టేసుకుంది.

రెండు వారాలకు వచ్చి గడువు పెంచమంది. కష్టంగా ఉందా అని అడిగాను. "పేర్లు నోరు తిరగట్లేదు బాబూ. కొడుకు పేరు పావెల్ కదా, నేను పాపయ్య అని సదూకుంటన్నాను." మొదట్లోనే మొగుడు పెళ్లాన్ని కొట్టడం ఉంది కదమ్మా అన్నాను. "అది మనకి కొత్తేటి?" అంది.

మళ్లీ రెండు వారాలకు వచ్చినప్పుడు పుస్తకం మధ్యలో బొటనవేలు పెట్టి పట్టుకునే వచ్చింది. కౌంటర్ మీద తెరిచి చూపించింది. అందులో పావెల్ తల్లి నీలోవ్నాకు చదువు రాదు. కొడుకు స్నేహితుడు ఆంద్రేయి ఆవిడకు అక్షరాలు నేర్పుతాడు. ఈ వయసులో చదువేమిటని ఆవిడకు ఏడుపొస్తుంది. ఎవరూ చూడకుండా ఒంటరిగా కూచుని చదువుకుంటుంది. ఆ పేజీ చూపించి ఈవిడ ఏమీ మాట్లాడలేదు. నేను నోట్‌బుక్ అటు తిప్పి పెన్ను ఇచ్చాను. చాలాసేపు పట్టింది. "ఈవిడ కూడా పెద్దయ్యేకే నేర్సింది" అని రాసింది. గీత దాటి ఎడమ పక్కకు కూడా వెళ్లాయి అక్షరాలు.

ఆ నవల గురించి ప్రసంగాలు చాలా విన్నాను. విప్లవం, కార్మికవర్గం, అన్నీ నిజమే, అన్నీ అందులో ఉన్నాయి. కానీ అదంతా తెలిసినవాళ్లు ఆ రెండు పేజీలనూ చప్పున దాటేస్తారు. అమ్మ కథ అనుకుని తీసుకెళ్లిన మనిషి అక్కడ ఆగింది. ఆ తర్వాత కూడా ఆవిడ పుస్తకం అంతా చదివే తిరిగిచ్చింది. ఎవరేమయ్యారో ఇక్కడ చెప్పను, చదవనివాళ్లు ఉంటారు.

ప్రశ్న: రావిశాస్త్రి గారి 'ఆరు సారా కథలు' చదివి, అదే ఊపులో 'అల్పజీవి' తీశాను. కోర్టులూ లేవు, ఆ భాష లేదు. ఒక పిరికివాడు భయపడుతూనే ఉంటాడు. ఇది ఆయన రాసిందేనా?
(ప్రైవేటు ఉద్యోగి, రాజాం)

జవాబు: ఆయనదే. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు 1922లో మన శ్రీకాకుళంలోనే పుట్టారు. 'అల్పజీవి' ఆయన తొలి రోజుల నవల, సారా కథల కంటే ముందుది. మీరు వరస తిరగేసి చదివారు, అందుకే తేడా అంత గట్టిగా తగిలింది. సారా కథల్లో మనుషులు నోరు విప్పి మాట్లాడతారు. ఇక్కడ సుబ్బయ్య అనే గుమాస్తా నోరు విప్పడు, కథంతా అతని తల లోపలే తిరుగుతుంది. చైతన్య స్రవంతి అని విమర్శకులు దీని గురించి రాస్తారు. ఆ మాట పక్కనపెట్టి, ఎవరికైనా బాకీ పడి వీధి మార్చుకుని నడిచిన రోజు మీకు ఉంటే ఆ రోజు గుర్తు తెచ్చుకుని చదవండి. ఆ భయం ఎలా ఉంటుందో తెలిసిన మనిషే తర్వాత సారా కథలు రాయగలిగాడు.

ప్రశ్న: 'కన్యాశుల్కం' నవల ఏ సంవత్సరంలో వచ్చింది? సంఘ సంస్కరణ గురించి ఉపన్యాసాలుంటాయని మొదలుపెట్టలేదు.
(డిగ్రీ విద్యార్థిని, నెల్లిమర్ల)

జవాబు: అది నాటకం తల్లీ. 1892లో విజయనగరంలోనే మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు, మనం చదివేది ఆ రెండోదే. ఉపన్యాసం భయం వదిలెయ్యి. మొదటి రంగం విజయనగరం కోట ముందున్న మన బొంకులదిబ్బ దగ్గరే. పూటకూళ్లమ్మ ఇచ్చిన ఇరవై రూపాయలు వాడేసుకుని, ఇక ఊళ్లో ఎలా నిలవాలా అని ఆలోచిస్తున్న గిరీశంతో మొదలవుతుంది. నెల్లిమర్ల నుంచి కోట దగ్గరికి బస్సులో వచ్చి, ఆ రంగం అక్కడే కూచుని చదివి చూడు.

ప్రశ్న: ముందుమాటలు చదివి నవల మొదలుపెట్టాలా?
(పార్వతీపురం)

జవాబు: వద్దు. ఈ విషయంలో నాకు కోపం కూడా ఉంది. మన నవలలకు మూడేసి ముందుమాటలు ఉంటాయి, రెండింట్లో కథ అంతా చెప్పేస్తారు. 'మాలపల్లి' తీసుకెళ్లినాయన ఒకరు వారానికే తెచ్చి ఇచ్చేశారు. ఎందుకంటే "ఏం జరుగుతుందో ముందే చదివేశాను, ఇంకేముంది" అన్నారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో కూచుని రాసిన నవల, అప్పటి ప్రభుత్వం నిషేధించిన నవల. ముందుమాట ఆయనకు చెప్పింది ఆ సంగతులూ కథా. కోపంతో రాసిన పుస్తకం అనుకుని వెళ్లారు, ఎడమ పక్క అలాగే ఉంది. అందులో రామదాసు ఎంత శాంతంగా మాట్లాడతాడో, ఎన్ని పాటలున్నాయో ఆయనకు తెలిసే వీలు లేకపోయింది. ఆ పేజీలో కుడి పక్క ఇప్పటికీ ఖాళీగా ఉంది. నవల పూర్తయ్యాక ముందుమాట చదవండి, అప్పుడు అది మంచి స్నేహితుడితో మాట్లాడినట్టుంటుంది.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లానే, హైదరాబాద్‌లో చదువుతున్నాను. సెలవుల్లో వచ్చినప్పుడు కథానిలయంలో పాత నవలలు చూద్దామనుకుంటున్నాను. దొరుకుతాయా?
(పీజీ విద్యార్థిని)

జవాబు: అది కథల కోసం పెట్టిన గ్రంథాలయం తల్లీ. కాళీపట్నం రామారావు గారు తనకొచ్చిన పురస్కారాల డబ్బుతో 1997లో మొదలుపెట్టారు. నవలల కోసం వెళ్తే నిరాశపడతావు. కానీ పాత వారపత్రికలు, మాసపత్రికలు అక్కడ చాలా ఉన్నాయి. కథల కోసం దాచిన ఆ పత్రికల్లోనే సీరియళ్లూ ఉంటాయి. సాలూరు నుంచి రాసిన ఆవిడ ఉత్తరం పైన చదివావు కదా, ఒక్క సీరియల్ ఎంచుకుని పత్రికలో ఎలా వచ్చిందో వారం వారం చూడు, బొమ్మలతో, ప్రకటనలతో సహా. పధ్నాలుగో వారం ఉందో లేదో ముందే చూసుకో. రైల్లో వస్తే శ్రీకాకుళం రోడ్‌లో దిగాలి. ఆ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, అక్కణ్నుంచి ఊళ్లోకి బస్సో ఆటోనో ఎక్కాలి. ఉదయం రైలుకు వస్తే రోజంతా కూచుని చదువుకోవచ్చు.